గుండ్ల గొట్టం ఎందుకు పట్టేసేది

పోయిన నెలలో మా తమ్ముడి మనవడు నంద్యాలలో మా ఇంటికి వచ్చాడు, భుజాన పొడుగాటి సంచీ వేసుకొని. కాలేజీలో గురిచూసి కాల్చే పోటీల్లో చేరాడట, సంచీలో ఉన్నది గాలి తుపాకి. కొత్తది. దాని మేగజైను రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదైన గుండ్రటి బిళ్ళ. చుట్టూ పది బెజ్జాలు, బెజ్జానికొక గుండు. ఒకటి పేలగానే బిళ్ళ తనంతట తాను తిరిగి రెండో గుండు ముందుకు రావాలి. రావడం లేదు. ఒకసారి మూడోదాని దగ్గర, ఒకసారి నాలుగోదాని దగ్గర పట్టేస్తోంది. వాడు సోఫాలో కూర్చొని ఈ మేగజైను గురించి జనం రాసిన తిట్లన్నీ ఫోనులోంచి నాకు చదివి వినిపించాడు. చేసినవాడు మోసగాడు, అమ్మినవాడు దొంగ, బాగుచేస్తానని తీసుకున్నవాడు వాళ్ళిద్దరినీ మించిన దొంగ. నేను కళ్ళద్దాలు పెట్టుకొని ఆ బిళ్ళను కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాను. పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన దాన్ని, చెడిన వస్తువు కనిపిస్తే నా వేళ్ళు ఊరుకోవు. "నువ్వు కాక దీన్ని ఇంకెవరు ముట్టుకున్నారురా?" అని అడిగాను. "అదేం ప్రశ్న అవ్వా, ఇది మెషీన్ ప్రాబ్లం" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. దాని వెనక ఆళ్ళగడ్డలో నా పదకొండో ఏడు ఉంది.

మా ఇంట్లోనూ ఒక గాలి తుపాకి ఉండేది. ఆ ఇంట్లో ఏ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు అడిగినా ముగ్గురు మూడు రకాలుగా చెప్పేవాళ్ళు కానీ, తుపాకి విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. కాలువ పనులు చూసే తెల్లదొర ఒకడు తన సొంత దేశానికి పోతూ తన సామాన్లు తెలిసినవాళ్ళకు పంచాడు. మా జేజినాయనకు, అంటే మా నాయన వాళ్ళ నాయనకు, తుపాకి వచ్చింది. పక్క ఊరి ఆసామి ఒకాయనకు పియానో వచ్చింది. ఆయన కొన్నాళ్ళు దాన్ని చూసి మురిసి, తర్వాత రాత్రిళ్ళు దాంట్లో కోళ్ళను కమ్మేవాడట. జేజినాయన తుపాకిని పెట్టెలో పెట్టి తాళం వేసి, ఏడాదికి నాలుగుసార్లు తీసి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాడు. ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాక పెట్టె తాళం మా నాయన చేతికి వచ్చింది. నాయన తుపాకిని బయటికి తీసి, పంచలో కొడవళ్ళు, పలుపులు, గొర్రు సామాను ఉండే గోడకు మేకు కొట్టి, నోరు పైకి ఉండేట్టు తగిలించాడు. ఆ రోజు నుంచి అది మా సేద్యపు సామానులో ఒకటయింది.

దాని పనితనం గురించి చెప్పాలి. మామూలు గాలి తుపాకి అయితే ప్రతిసారీ మధ్యకు విరిచి, వేళ్ళతో ఒక గుండు లోపల పెట్టి, మళ్ళీ మూసి కాల్చాలి. పుష్యమాసపు చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే జొన్న గింజంత గుండు జారి చేలో పడితే ఇక దొరకదు. మా దానికి ఆ తిప్పలు లేవు. పెద్ద గొట్టం వీపు మీద ఇంకో సన్నటి గొట్టం అతికించి ఉండేది. దాని పై కొసన నోరు, నోటికి జరిపే ఇత్తడి మూత. మూత జరిపి నలభై గుండ్లు జలజలా పోసి మూసేయడమే. తుపాకి నోరు పైకెత్తి కింది మీట గుంజితే ఒక గుండు తనంతట తాను జారి వచ్చి కూర్చునేది. అడుగున చిటికెన వేలి గోరంత స్ప్రింగు ఒకటి ఉండేది, ఒకసారికి ఒక్క గుండునే వదిలే తలుపు మాదిరి. దీన్నే ఇప్పటివాళ్ళు మేగజైను అంటున్నారు, మేము గుండ్ల గొట్టం అనేవాళ్ళం. నా పదేళ్ళ బుర్రకు కూడా అందులో గొప్పతనం తెలిసేది. కాల్చేవాడు గుండు సంగతి మరిచిపోయి గురి సంగతి ఒక్కటే చూసుకోవచ్చు.

మా ఇంట్లో ఆ తుపాకితో పిట్టను కొట్టింది లేదు. చిలకను చంపితే ఆ చెయ్యి వేసిన అన్నం తిననని జేజి, అంటే మా నాయన వాళ్ళ అమ్మ, తేల్చి చెప్పేసింది. కాబట్టి నాయన ఒక ఉపాయం చేశాడు. జొన్న కంకి పాలు పోసుకునే కాలానికి చేలో మంచె వేసి, మంచెకు నాలుగు దిక్కులా నలభై యాభై గజాల దూరంలో గుంజలు నాటి, వాటికి ఖాళీ కిరసనాయిలు డబ్బాలు వేలాడదీసేవాడు. ఏ మూల చిలకల గుంపు వాలితే ఆ మూల డబ్బాను కాల్చేవాడు. ఠంగుమని మోగితే గుంపంతా ఒక్కసారి లేచిపోయేది. మరో మూల వాలితే మరో ఠంగు. మంచె దిగే పని లేదు, వడిసెల తిప్పి భుజం పడిపోయే పని లేదు. మాతో పాటు పక్క చేలవాళ్ళ జొన్న కూడా ఆ మోతతోనే దక్కేది. జేజినాయన ఇంటి ముందర మంచంలో కూర్చొని, కళ్ళు కనపడకపోయినా, ఊరవతల నుంచి వచ్చే మోతలు లెక్కపెట్టుకుంటూ, కొడుకు ఏ మూల కాలుస్తున్నాడో వచ్చిపోయేవాళ్ళకు చెప్పేవాడు. ముని శాపంతో యాగంటిలో లేకుండా పోయిన కాకులన్నీ మా కళ్ళంలోకే వచ్చినాయని జేజి ఒక పక్క సణుగుతుండేది.

జేజి గురించి రెండు ముక్కలు. తెల్లారక ముందే లేచి బేతంచెర్ల బండలు పరిచిన వసారా అంతా కడిగేది. తడి బండ వాసన, పొయ్యిలో కంది కట్టె పొగ, కాలుతున్న జొన్నరొట్టె వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇప్పటికీ తెల్లవారినట్టు. ఇంటి పని ఎంత చేసినా ఊళ్ళో ఆమెకు పేరు తెచ్చింది మాత్రం విత్తనం. గొర్రుతో విత్తేటప్పుడు ఎద్దుల వెనకాల నడుస్తూ, గొర్రు మీది చెక్క గిన్నెలోకి పిడికిట్లోంచి గింజలు వదలాలి. గిన్నె అడుగు బెజ్జాల నుంచి వెదురు గొట్టాల గుండా గింజలు సాళ్ళలో పడతాయి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. గొట్టాల్లో ఒకటి మట్టితో పూడిపోతే విత్తే మనిషికి కనపడదు, పది రోజుల తర్వాత మొలక లేని సాలు మాత్రం ఊరందరికీ కనపడుతుంది. జేజి వేసిన చేలో అట్లాంటి బోడి సాలు ఎవరూ చూడలేదు. ఆమె చెవితో విత్తేది. గింజలు జారే చప్పుడులో ఒక గొట్టం తగ్గినా ఎద్దులను ఆపించేది.

పనిముట్లంటే ఆమెకు మనుషులతో సమానం. రోలుకు, తిరగలికి, జడ్డిగానికి, అన్నిటికీ నోరుందనేది. దసరాకు ఆయుధపూజ నాడు బొట్టు పెట్టి ఊరుకోకుండా, ప్రతిదాని నోట్లో రెండు మూడు అక్షింతలు వేసేది. ఎందుకు జేజీ అని అడిగితే, "ఏడాదంతా మన కోసరం పని చేస్తాండాయి, ఒక్క దినమన్నా మనం తినిపియ్యొద్దా?" అనేది. ఆ మాట నాకు ఎంతో న్యాయంగా తోచేది. అక్షింతల పళ్ళెం పట్టుకొని ఆమె వెనకాల తిరగడం నా హక్కు, ఎవరినీ రానిచ్చేదాన్ని కాదు.

ఈ వైభవమంతా ఏటా మొదటి పది పదిహేను రోజులే, తుపాకి గోడకెక్కిన మొదటి ఏడే పేచీ మొదలైంది. సంక్రాంతి ముందు ఒకనాడు నాయన మంచె ఎక్కి మీట గుంజాడు, తుస్సుమని గాలి వచ్చింది. గుండు లేదు. గొట్టం నిండా గుండ్లున్నాయి, కిందికి ఒక్కటీ రాదు. ఊపితే గలగలమంటాయి, గుంజితే తుస్సు. ఎప్పుడో ఒకసారి ఒకటి వచ్చేది, తర్వాత పది తుస్సులు. పంట కాలం ఎట్లాగో వడిసెలలతో గడిపి, ఎండాకాలంలో నంద్యాలకు తీసుకుపోయి బాగుచేయించుకొచ్చాడు. వేసవి అంతా ఇంటి వెనక చింతచెట్టుకు డబ్బా కట్టి కాలిస్తే నలభైకి నలభై దిగేవి. మళ్ళీ జొన్న కంకిలో పాలు గట్టిపడే వేళకు తుస్సు. రెండో ఏడూ అదే, మూడో ఏడూ అదే. ఎండాకాలంలో పని చేసే తుపాకి చలికాలంలో ఎందుకు చేయదు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. చలికి లోహం ముడుచుకుంటుందని బళ్ళో అయ్యవారు చెప్పాడు. అయితే గొట్టం ముడుచుకుంటోందా? ముడుచుకుంటే గుండు కూడా ముడుచుకోవాలి కదా? నేను చలి తెల్లవారుజామున తుపాకి మీద గొంగడి కప్పి చూశాను. పొయ్యి దగ్గర పెట్టి చూడబోతే అమ్మ వీపు మీద ఒకటి ఇచ్చింది. ఆ ఇంట్లో సైన్సు ప్రయోగాలకు దక్కిన మొదటి బహుమానం అది.

నంద్యాలలో దాన్ని బాగుచేసిన మనిషి ఖాసిం సాయిబు. బజారు వీధిలో చిన్న అంగడి. పెళ్ళిళ్ళకు వెలిగించే గ్యాసులైట్లు వరసగా వేలాడుతుండేవి, కింద తాళాలు, స్టవ్వులు, విప్పిన సైకిలు ముక్కలు. కిరసనాయిలు, మాటు పెట్టే సీసం, ఆయన నోట్లోని లవంగం, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి ఆ అంగట్లో ఉండేది. తెల్ల లుంగీ, ఎప్పుడూ మసి అంటని తెల్ల లుంగీ, అది ఆయనకెట్లా సాధ్యమయ్యేదో నాకు ఇప్పటికీ తెలీదు. బాగుచేసిన వస్తువును ఊరికే చేతికిచ్చేవాడు కాదు. తాళమైతే మూడుసార్లు మన చేత వేయించి తీయించేవాడు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరిందంటే గ్యాసులైట్లు ఆయన అంగడి నుంచే వచ్చేవి. నాయనతో నేనూ వెళ్ళేదాన్ని కాబట్టి ఒక సంగతి గమనించాను. స్టవ్వును, తాళాన్ని మా ఎదుటే విప్పేవాడు కానీ, తుపాకిని మాత్రం అంగడి వెనక గదిలోకి తీసుకుపోయేవాడు. నేను వెంటబడబోతే, పాపా ఆ సైకిలు గంట సరిగా మోగుతుందో లేదో చూసిపెట్టు అని పని చెప్పి పంపేసేవాడు.

మూడో ఏడు చిలకలు ఎన్నడూ లేనంతగా వాలాయి. నాయన మంచె మీద మీట గుంజుతూ, తిట్టుకుంటూ, ఊపుతూ ఉండగానే తూర్పు మూల కంకులు తెల్లగా బోడిగా తేలాయి. పక్క చేలవాళ్ళు డబ్బాలు మోగలేదేమని అడగడం ఆయనకు మరీ కష్టమనిపించింది. మా నాయన మంచివాడు, కాకపోతే ఆయనకు కోపం ముందు వచ్చి కూర్చునేది, ఆలోచన తర్వాతి బస్సుకు వచ్చేది. తుపాకి చంకన పెట్టుకొని నంద్యాలకు పోయి, ఈసారి వేరే మెకానిక్కుకు చూపించాడు. ఆయన దాన్ని విప్పనైనా విప్పకుండా, మీట రెండుసార్లు గుంజి, అసలు స్ప్రింగు ఎవరో కాజేసి ఏదో నాసిరకం స్ప్రింగు వేశారని తీర్పు చెప్పాడు. ఆ రోజు సంత. నాయన తిన్నగా ఖాసిం సాయిబు అంగడికి పోయి, వచ్చేపోయే జనమంతా నిలబడి వినేట్టు అడిగేశాడు. నేను పక్కనే ఉన్నాను. "మా ముందర ఎప్పుడన్నా ఇప్పినావా సాయిబూ? లోపలికి తీసకపోయి స్ప్రింగు కొట్టేస్తివి. దొంగపని" అన్నాడు. ఖాసిం సాయిబు మొహం తెల్లబోయింది. తాను మార్చలేదని ఒకే ఒక్కసారి చెప్పి, చేతిలో ఉన్న తాళం పని చేసుకుంటూ కూర్చున్నాడు. ఎందుకు లోపలికి తీసుకుపోయావంటే మాత్రం జవాబు చెప్పలేదు.

చెప్పకపోవడమే రుజువైపోయింది. నాయన ఆళ్ళగడ్డ బస్సు దిగిన చోటి నుంచి చాగలమర్రిలో చుట్టాల ఇంటి దాకా ఆ కథ మోశాడు. ఆ మాఘమాసంలో మా వైపు పెళ్ళిళ్ళకు గ్యాసులైట్లు వేరే అంగళ్ళ నుంచి వచ్చాయి. తాళాలు బాగుచేసే మనిషిని దొంగ అన్నాక ఇంకేముంటుంది, ఎవరు తమ ఇంటి తాళం ఆయన చేతికిస్తారు? ఇదంతా పెద్దల మాటల్లో నా చెవిన పడుతూనే ఉంది. నాకు ఆయన మీద జాలి వేసింది కానీ, నిజం చెప్పాలి, అనుమానం కూడా ఉండేది. ఆ గదిలోకి ఎందుకు తీసుకుపోయినట్టు?

ఒక మధ్యాహ్నం ఖాసిం సాయిబే మా ఇంటికి వచ్చాడు. బస్సు దిగి ఎండలో నడిచి, పనిముట్ల సంచీతో. వసారాలో నిలబడి నాయనతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. "రెడ్డీ, నీ ఇంట్లోనే, నీ కండ్ల ముందరే ఇప్పుతా. ఇంట్లో వాళ్ళందరూ కూసోని చూడండి. నేను స్ప్రింగు మార్చింటే ఈ సంచి ఈడనే వదిలేసి పోతా." నాయన మెత్తబడలేదు. ఇన్నేళ్ళు చాటుగా విప్పినవాడు ఇప్పుడు ఎదురుగా విప్పుతానంటే అందులో ఏ మాయ ఉందో అన్నాడు. తుపాకి మేకు మీదే ఉంది, దించనే లేదు. జేజి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన నిలబడే తాగి, చెంబు కడిగి బండ మీద బోర్లించి, సంచీ భుజానికి తగిలించుకొని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తుపాకి వైపు కాదు, జేజి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

ఆయన అందరినీ కూర్చొని చూడమనడం నన్ను తినేసింది. విప్పితే ఏదో కనపడుతుందన్నమాట. ఏది? మరుసటి రోజు నాయన కొట్టానికి, అమ్మ ఏటికి పోగానే, నేను తుపాకి దించాను. మూత జరిపి గుండ్లన్నీ ఒక మూకుట్లోకి వంపి, ఈనెపుల్లకు గుడ్డ చుట్టి కిరసనాయిల్లో ముంచి గొట్టంలోకి దోపాను. పైన అంతా శుభ్రంగానే ఉంది. అడుగు దాకా దోపి తిప్పి తీస్తే గుడ్డ పచ్చగా వచ్చింది. తుప్పు కాదు, పసుపు పచ్చ. వాసన చూశాను, కిరసనాయిలు కింద ఆముదం. ఇంకోసారి గట్టిగా పొడిచి, తుపాకిని తలకిందులు చేసి బండ మీద తట్టాను. పచ్చటి జిగురు ముద్దలో చుట్టుకొని ఒక బియ్యపు గింజ పడింది. ఆ వెనకాలే ఇంకోటి.

అప్పుడు వరసగా అన్నీ గుర్తొచ్చాయి. దసరా నాడు ఆ గోడ ముందర జేజి వెనకాల పళ్ళెం పట్టుకున్నది నేనే. ఇనుముకు నీళ్ళు తగిలితే తుప్పు పడుతుందని, ఆమె పసుపును నీళ్ళతో కాక ఆముదంతో కలిపేది. అంత జాగ్రత్త. తుపాకి దగ్గరికి వచ్చాక మూత మీద బొట్టు పెట్టబోయి ఆగి, మూసిన నోటికి ఎట్లా తినిపిస్తామని, మూత జరిపి, బొటనవేలితో నోటి లోపలి అంచుకు పసుపు రాసి, అక్షింతలు వేసి, మళ్ళీ మూసింది. మూడేళ్ళూ అంతే చేసింది. రోట్లో వేసిన గింజ రోటి బయటికి వస్తుంది, జడ్డిగంలో వేసింది చేలో పడుతుంది. తుపాకిలో వేసింది ఎక్కడికి పోతుంది? గోడ మీద నోరు పైకి పెట్టుకొని నిలబడ్డ గొట్టంలో ఆముదం మూడు నెలల పాటు నిమ్మళంగా కిందికి దిగి, గింజతో కలిసి ఆ గోరంత తలుపు దగ్గర గడ్డకట్టింది. చలి కాదు, స్ప్రింగు కాదు. కారణం దొరికినందుకు నాకు కలిగిన సంతోషం చాలా గొప్పది, అది ఎంతసేపు నిలిచిందంటే, ఇది ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్న వచ్చేదాకా.

నాయనకు చెబితే జేజి తలవంచుకోవాలి. గొట్టం పూడ్చిందన్న మాట ఊళ్ళో ఇంకెవరికైనా చిన్న మాట, ఆమెకు కాదు. చెప్పకపోతే ఖాసిం సాయిబు దొంగగా ఉండిపోతాడు. రెండు రోజులు గింజలను పలక డబ్బాలో దాచుకొని తిరిగాను. మూడో రోజు జేజి జొన్నలు చెరుగుతుంటే పోయి, గింజలు ఆమె చాట అంచున పెట్టి, ఎక్కడ దొరికాయో చెప్పాను. ఆమె కసురుకుంటుందనుకున్నాను. తుపాకి తెప్పించి ఒళ్ళో పెట్టుకుంది. చాటలోంచి పిడికెడు జొన్నలు తీసుకొని, విత్తేటప్పుడు వదిలినట్టే వేళ్ళ సందుల్లోంచి గొట్టంలోకి వదిలి, చెవి ఆనించింది. నేను అడుగున ఇంకా పూర్తిగా తుడవలేదు, జొన్నలు అడుగు దాకా జారి జిగురులో ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగిన చోటు ఆమెకు తెలిసింది. చెవి తీసి, "నేనే పాపా. గొట్టం నేనే పూడ్చినా" అంది. సంత దినం ఎప్పుడని అడిగింది. ఎల్లుండి అన్నాను. సంత దినమే పోవాలి, మీ నాయన అన్నది ఆ దినమే గదా అంది.

సంత నాటి ఉదయం ఆమె తుపాకిని గొంగట్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకొని, నంద్యాల డాక్టరుకు మోకాలు చూపించుకుంటానని నాయనకు చెప్పి బస్సెక్కింది. నాకు తెలిసి ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. దారి పొడుగునా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిటికీలోంచి చేలనే చూస్తూ కూర్చుంది.

నాయన సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పడానికి నాకు మనసొప్పదు. నంద్యాల నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం ఆయనకు సంగటి వడ్డిస్తూ జేజి అంతా చెప్పింది. తప్పయింది అనే మాట ఆయన నోట ఎన్నడూ రాదు, ఆ రోజూ రాలేదు. మరుసటి సంత నాడు మాత్రం ఇంట్లో ఉన్న తాళాలన్నీ, చెడినవీ చెడనివీ, మూట కట్టుకొని పోయి, ఖాసిం సాయిబు అంగట్లో బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడట. మా వైపు మనిషి ఎవరు కనపడినా పిలిచి, గొట్టంలో అడ్డం పడింది మా ఇంటి గింజే అని చెప్పాడట. ఆ మాట చాగలమర్రి దాకా పాకడానికి మొదటి మాటకు పట్టినదానికి నాలుగింతలు పట్టింది. చెడ్డ మాటకూ మంచి మాటకూ వేగంలో తేడా ఎందుకుంటుందో నాకు సైన్సు ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఫోనులో క్షణంలో ఊరంతా ఒకరిని దొంగ అనేస్తున్నారు. ఆ తర్వాత వాళ్ళ అంగడి బెంచీ మీద ఒక పూటంతా పోయి కూర్చునేవాళ్ళు ఎవరున్నారా అని వెతుకుతుంటాను. అట్లాగని అప్పటివాళ్ళం దొడ్డవాళ్ళమని చెప్పబోవడం లేదు. మా నాయన ఆ రోజు విప్పి చూడకుండానే అరిచాడు, నేను పక్కనే నిలబడి నమ్మాను.

బజారు వీధిలో సంత రద్దీగా ఉంది. ఖాసిం సాయిబు అంగట్లో మాత్రం ఇద్దరే ఉన్నారు. గ్యాసులైట్లు అన్నీ పైనే వేలాడుతున్నాయి, ఒక్కటీ బయటికి పోయినట్టు లేదు. జేజి అంగడి లోపలికి పోలేదు. వీధి అరుగు మీదే నిలబడి, గొంగడి విప్పి, పోయేవాళ్ళకు వినపడేంత గట్టిగా, "ఖాసిం, స్ప్రింగు నువ్వు మార్చలా. గొట్టం నేను పూడ్చినా. దసరాకు అక్షింతలు ఏసింది నేనే" అంది. నలుగురు ఆగారు. ఆయన గబగబా లేచి వచ్చి, అమ్మా లోపలికి రండి, కూర్చోండి అన్నాడు. ఆమె కదల్లేదు. అందరూ విన్నారని నమ్మకం కుదిరాకే లోపలికి పోయి ముక్కాలిపీట మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి, నేను తీసిన రెండు గింజలూ ఆయనకు చూపించింది.

ఆయన వాటిని చూసి ఆశ్చర్యపోలేదు. వెనక గదిలోకి పోయి, చిన్న పొడుం డబ్బీ ఒకటి తెచ్చి ఆమె ముందర మూత తీశాడు. అందులో నాలుగో అయిదో బియ్యపు గింజలు, రంగు వెలిసిన పసుపు ఇంకా అంటుకొని ఉన్నాయి. బాగుచేసిన ప్రతిసారీ గొట్టంలోంచి తీసినవి. "పారెయ్యడానికి మనసు రాలేదమ్మా. మీరు దేవునికని పెట్టిన గింజలు, కాళ్ళ కింద పడగూడదు గదా" అన్నాడు.

జేజి ఆ డబ్బీలోకి చూస్తూనే అడిగింది. "తెలిసీ యాల చెప్పలేదప్పా?"

"నా నోటితో ఎట్ల చెప్పేదమ్మా, మీ పూజ వల్ల చెడిందని. ఈ పాప ముందర ఇప్పినా కనపడిపోతాదని లోపలికి తీసకపోతాంటి. రెడ్డి నన్ను దొంగ అన్యాడు, అది ఎప్పుడన్నా పోతాది. సాయిబు మా పూజను తప్పు పట్టినాడు అనింటే, అది పోయేది కాదు. మీ ఇంట్లో ఇప్పితే మీ అంతట మీరే చూస్తారని వచ్చినా."

ఆమె కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. జేజి ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా.

"నువ్వు చెప్పింటే నేను నమ్మిండను నాయనా" అంది.

"తెలుసమ్మా" అన్నాడు ఆయన. ఆమె చేతిలోని రెండు గింజలూ తీసుకొని, ఆ డబ్బీలో వేసి, మూత బిగించి, ఆమె చేతికిచ్చాడు.